ఏ భాష నేర్చుకొనవలెను? - మన సంఘ చరిత్రలో ఒక పాత ప్రశ్న



గత వేసవిలో మన యువజన కూటము ముగిసిన సాయంత్రము, భోజనముల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగింది. ఆమె నర్సింగు ఆఖరి సంవత్సరము చదువుతున్నది. "తాతగారూ, ఏదైనా ఒక విదేశీ భాష నేర్చుకొందామనుకొంటున్నాను. ఏది నేర్చుకొంటే ఎక్కువ ఉపయోగము?" అన్నది. నేను నోరు తెరవకముందే చుట్టూ ఉన్నవారు జవాబులు చెప్పేశారు. గల్ఫులో చాలా ఏండ్లు పని చేసి వచ్చిన పెద్దమనిషి అరబ్బీ అన్నాడు. జర్మనీలో నర్సులకు గిరాకీ ఉన్నది గనుక జర్మను అని ఒక తల్లి చెప్పింది. కంప్యూటరు చదివిన కుర్రవాడు జపాను భాషకు ఓటు వేశాడు. మా పాస్టరమ్మగారు మాత్రము, "ముందు తెలుగు బైబిలు తడుముకోకుండా చదవడము నేర్చుకో తల్లీ" అన్నారు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడ నవ్వింది గాని, అడిగినదానికి జవాబు మాత్రము ఆమెకు దొరకలేదు.

శతవార్షికోత్సవ సంచికకు సంఘచరిత్ర మీద ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకులు అడిగినప్పుడు నాకు ఆ ప్రశ్నే జ్ఞాపకము వచ్చింది. ఎందుకంటే అది కొత్త ప్రశ్న కాదు. మన ప్రాంతములో సంఘము పుట్టుటకు ముందు నుండి దైవజనులు తమను తాము ఆ ప్రశ్న అడుగుకొంటూనే ఉన్నారు. అప్పుడు అడిగినవారు పరదేశులు. వారికి విదేశీ భాష అంటే మన భాష.

అపొస్తలుల కార్యముల గ్రంథము 21, 22 అధ్యాయములలో ఒక సంగతి ఉన్నది. యెరూషలేములో జనులు పౌలును కొట్టి చంపబోతుండగా రోమా సైనికులు ఆయనను పట్టుకొని కోటలోనికి తీసికొని పోతున్నారు. మెట్ల దగ్గర పౌలు పైయధికారితో గ్రీకులో మాటలాడాడు. ఇతడికి గ్రీకు వచ్చునా అని ఆ అధికారి ఆశ్చర్యపడి, మాటలాడుటకు సెలవిచ్చాడు. వెంటనే పౌలు జనులవైపు తిరిగి హెబ్రీ భాషలో మాటలాడాడు. ఆ భాష వినగానే వారు మరింత నిశ్శబ్దమయ్యారు. ఒకే మెట్ల మీద, కొద్ది నిమిషముల తేడాలో రెండు భాషలు. గ్రీకు రాకపోతే మాటలాడుటకు అనుమతి లేదు. హెబ్రీ రాకపోతే వినేవాడు లేడు. భాషల ఉపయోగమును గురించి ఆలోచించినప్పుడెల్ల నాకు ఆ మెట్లే కనబడుతాయి.

ఇక మన దేశమునకు వత్తాము. 1706 జూలై 9న తమిళ తీరమందలి తరంగంబాడికి ఇద్దరు జర్మను యువకులు వచ్చి చేరారు. ఒకరు బర్తలోమయి జీగెన్‌బాల్గు, మరియొకరు హెన్రీ ప్లూచౌ. ఆ ఊరు 1620 నుండి డెన్మార్కు వారి చేతిలో ఉన్నది. వీరిని పంపినది డెన్మార్కు రాజైన నాల్గవ ఫ్రెడరిక్. పాపము, ఆ యువకుల ముందు నిలిచిన భాషలు చూడండి. ఇంట్లో మాటలాడుకొనేది జర్మను. కోటలో అధికారుల భాష డేనిషు. రేవులో, సంతలో, తెల్లవారి ఇండ్లలోని పనివారితో మాటలాడేది పోర్చుగీసు. కోట గోడ దాటి నాలుగడుగులు వేస్తే తమిళము.

ఆనాడు లోకజ్ఞానము గల ఎవరిని సలహా అడిగినా పోర్చుగీసు నేర్చుకొమ్మనే చెప్పి ఉండేవారు. ఐరోపావారికి అది సులువు. వాస్కో డ గామా 1498లో వచ్చిన తరువాత రెండు వందల ఏండ్లలో ఆ భాష గోవా మొదలుకొని మలక్కా వరకు ప్రతి రేవులోను వ్యాపించింది. ఒక్క భాష నేర్చుకొంటే అన్ని రేవులలోను పని జరుగుతుంది. ఈనాటి ఇంగ్లీషు వంటిదన్నమాట. ఇద్దరూ మొదట దానినే పట్టుకొన్నారు. తరువాత పని పంచుకొన్నారు. ప్లూచౌ పోర్చుగీసు మాటలాడే ప్రజల సంఘమును చూచుకొన్నారు. జీగెన్‌బాల్గు తమిళము వైపు తిరిగారు.

జీగెన్‌బాల్గు తమిళము నేర్చుకొన్న తీరు మన పిల్లలకు చెప్పదగినది. ఒక వృద్ధుడైన పంతులును ఒప్పించి, ఆయన బడిని తాముండే చోటికి రప్పించుకొన్నారు. చిన్న పిల్లలతోబాటు నేల మీద కూర్చుండి, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుకొన్నారు. విశ్వవిద్యాలయములో చదివిన మనిషి! అక్షరములు వచ్చినా అర్థము చెప్పేవారు కావలసి వచ్చి, పోర్చుగీసు, డేనిషు, జర్మను, డచ్చి తెలిసిన అలెప్ప అనే స్థానికుని సహాయము తీసికొన్నారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అలెప్పకు నాలుగు విదేశీ భాషలు వచ్చును. అవన్నీ బ్రతుకుతెరువు కొరకు నేర్చినవి. దొరకు ఒక్క తమిళము రావడానికి ఆ నాలుగూ పనికి వచ్చాయి. మన చరిత్ర పుస్తకములలో దొర పేరు పెద్ద అక్షరములలో ఉంటుంది. అలెప్ప పేరు ఎవరో ఒకరు అడిగితే గాని చెప్పరు.

ప్లూచౌ 1711లో ఐరోపాకు తిరిగి వెళ్ళిపోయారు. జీగెన్‌బాల్గు తమిళ క్రొత్త నిబంధన 1714, 1715లలో తరంగంబాడిలోనే అచ్చయింది. పాత నిబంధనను రూతు గ్రంథము వరకు తెచ్చి, 1719లో 36 ఏండ్ల వయసులో ఆయన ప్రభువునందు నిద్రించారు.

ప్లూచౌగారిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. ఆయన సంఘములోనివారు తెల్లవారి ఇండ్లలో పని చేసేవారు, బానిసలు, రెండు జాతుల నడుమ పుట్టి ఎవరికీ కాకుండా పోయినవారు. వారికి అర్థమయ్యే భాషలో వాక్యము చెప్పుట సేవ కాదా? కాని ఆ తీరమున పోర్చుగీసు ఒక భాషగా నిలువలేదు. మాటలు మాత్రము మన ఇండ్లలో మిగిలాయి. అల్మారా, ఇస్త్రీ, తువాలు, బొత్తాము, పీపా, ఆయా, మేస్త్రీ, అనాస, ఇవన్నీ పోర్చుగీసు వారు విడిచిపోయిన మాటలే. మనము రోజూ పిలిచే 'పాదిరి' కూడ అక్కడిదే. ఒకప్పుడు తూర్పు సముద్రములన్నిటిని ఏలిన భాష ఈనాడు మన వంటింటిలోను, చాకలి బల్ల మీదను ఉన్నది. అందరికంటె 'ఉపయోగకరమైన' భాషకు పట్టిన గతి ఇది.

జీగెన్‌బాల్గు మరణించిన ఏడే బెంజమిను షుల్జ్ వచ్చారు. ఆయన మిగిలిన తమిళ బైబిలును ముగించారు. అక్కడితో ఆగితే మన వ్యాసములోనికి వచ్చేవారు కాదు. 1726లో ఆయన మద్రాసుకు మారారు. అక్కడ చూస్తే పట్టణములో సగము మాటలు తమిళము కావు. వర్తకులు, సిపాయిలు, పనివారు ఎందరో తెలుగువారు. తమిళులు మనలను వడుగులు అనేవారు గదా, షుల్జ్ కూడ మన భాషకు ఆ పేరే వినికిడిలో పట్టుకొని వ్రాసుకొన్నారు. ఒకసారి కష్టపడి నేర్చిన తమిళమును చాలుననుకోక తెలుగు మొదలుపెట్టారు. 1728 నాటికి తెలుగు వ్యాకరణము వ్రాశారు. బైబిలును తెనిగించారు. హిందుస్థానీని కూడ విడువక దానికొక వ్యాకరణము కూర్చారు.

ఆ తెలుగు బైబిలు అచ్చు కాలేదు. ఆ వ్యాకరణము 1984 వరకు అచ్చు చూడలేదు. కాని 1743లో షుల్జ్ జర్మనీలోని హాలె పట్టణమునకు తిరిగి వెళ్ళి, అక్కడ తెలుగు అక్షరములు పోత పోయించి, 1746, 1747లలో చిన్న ప్రశ్నోత్తరమాలిక మొదలైన తెలుగు పుస్తకములు అచ్చు వేయించారు. తెలుగు లిపిలో మొట్టమొదట అచ్చయిన పుస్తకములు అవే. బందరులో కాదు, రాజమహేంద్రవరములో కాదు, తెలుగు అక్షరము ముక్క తెలియని జర్మను పట్టణములో మన అక్షరములు మొదట సిరా చూచాయి. చదివేవారు ఇక్కడ, పుస్తకములు అక్కడ. అందువలన వాటి ప్రయోజనము ఆనాడు స్వల్పమే. ఉపయోగము లెక్కించి చూచే మనిషి ఆ పని చేసి ఉండేవాడు కాడు.

తరువాత దాదాపు అరువది ఏండ్లు తెలుగు దేశమున ఈ విషయములో చెప్పుకోదగినది తక్కువ. 1805లో లండను మిషను వారైన జార్జి క్రాను, అగస్టసు దె గ్రాంజ్ విశాఖపట్నము వచ్చారు. కంపెనీ దొరలకు దుబాసీలు ఉండేవారు. దొరకు ఊరి సంగతి దుబాసీ చెప్పినంతే తెలుస్తుంది. ఊరికి దొర మనసు దుబాసీ చెప్పనిచ్చినంతే తెలుస్తుంది. వ్యాపారమునకు ఆ మాత్రము చాలును, సువార్తకు చాలదని ఈ ఇద్దరూ గ్రహించారు. క్రైస్తవుడైన ఆనందరాయరు అనే బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను తెనిగించుటకు పూనుకొన్నారు. క్రాను 1809లోను, దె గ్రాంజ్ 1810లోను మరణించారు. వారు తెనిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయ్యాయి. పుస్తకము అచ్చయిన నాటికి దొరలు ఇద్దరూ సమాధులలో ఉన్నారు.

గుంటూరు వారికి హయ్యరు అయ్యగారి పేరు చెప్పనక్కరలేదు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు జర్మనీలో 1793లో పుట్టి, అమెరికాలో లూథరను గురువై, 1841లో ఇండియాకు ఓడ ఎక్కారు. ఇక్కడ ఒక చిత్రమున్నది. బయలుదేరుటకు ముందు బాల్టిమోరులో ఆయన రెండు విద్యలు నేర్చుకొనుటకు పూనుకొన్నారు. ఒకటి వైద్యము, రెండవది సంస్కృతము! ఇండియాలో పండితుల భాష అదే గనుక అది వస్తే అన్నీ వచ్చినట్లే అనుకొన్నారు గాబోలు. 1842 జూలై 31న గుంటూరు చేరి చూస్తే, సంస్కృతములో మాటలాడే కూలీ గాని, రైతు గాని, సంతలో కూరలమ్మే అవ్వ గాని కనబడలేదు. దాదాపు 49 ఏండ్ల వయసులో మరల ఓనమాల దగ్గర కూర్చున్నారు. నేర్చిన వైద్యము మాత్రము ఆయనకు చాల అక్కరకు వచ్చింది. సంస్కృతము పూర్తిగా వ్యర్థమైనదని నేననను. మన తెలుగులో, మన ప్రార్థనలలో కూడ, సంస్కృత పదములు ఎన్ని లేవు! అయితే అది తెలుగుకు మెరుగు పెట్టేదే గాని తెలుగుకు బదులు నిలిచేది కాదు. ఆయన తరువాత పల్నాటికి వెళ్ళి గురజాలలో సేవ చేశారు. 1869లో, 76 ఏండ్ల వయసులో, రాజమహేంద్రవరపు పని చెయ్యి జారిపోకుండా చూచుటకు మరల ఓడ ఎక్కి వచ్చారు.

దొరలకు తెలుగు నేర్పినవారిని గురించి ఒక మాట. వీరిని మునిషీలనేవారు. ఎక్కువమంది బ్రాహ్మణ పండితులు. వారు నేర్పిన తెలుగు పండితుల తెలుగు. దొర కష్టపడి అది నేర్చి పల్లెకు వెళితే, మాలపల్లెలోను, మాదిగపల్లెలోను మాటలాడేది వేరుగా ఉండేది. ఏ భాష నేర్చుకొనవలెనను ప్రశ్న తీరిన తరువాత, ఆ భాషలో ఎవరి మాట నేర్చుకొనవలెనను రెండవ ప్రశ్న మిగిలే ఉంటుంది. మన పాత బైబిలు తెలుగులో కొన్ని చోట్ల ముసలమ్మలు నేటికి తడబడుటకు ఇది కూడ ఒక కారణమని నా అభిప్రాయము.

ఇప్పుడు బందరు సంగతి. ఈ వ్యాసములో నేను నిదానముగా చెప్పదలచినది ఇదే. 1841లో చర్చి మిషనరీ సంఘము వారు ఇద్దరిని తెలుగు ప్రాంతమునకు పంపారు. ఒకరు కేంబ్రిడ్జిలో చదివిన రాబర్టు నోబుల్, మరియొకరు ఆక్స్‌ఫర్డులో చదివిన హెన్రీ వాట్సను ఫాక్సు. ఇద్దరూ మంచి స్నేహితులు, ఒకే ఊరిలో దిగారు, ఒకే ప్రభువును ప్రకటించ వచ్చారు. కాని భాషలో దారులు వేరయ్యాయి. ఫాక్సు తెలుగు నేర్చి ఊరూరా, తిరునాళ్ళలో, సంతలలో నిలిచి బోధించారు. నోబుల్ 1843లో బందరులో ఇంగ్లీషు పాఠశాల తెరిచారు. పై కులముల పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, దాని వెంట వేదపాఠము చెప్పవలెనని ఆయన ఆలోచన.

తల్లిదండ్రులు ఎందుకు పంపారు? క్రీస్తు కొరకు కాదు. ఆ కాలపు లెక్క తెలిస్తే అర్థమవుతుంది. అంతకు ముందు కచ్చేరీలలో పలుకుబడి పారసీది. కుటుంబములో ఒక పిల్లవానికి పారసీ వస్తే ఇల్లు నిలబడినట్లే. 1837లో కంపెనీ ప్రభుత్వము కచ్చేరీలనుండి పారసీని తొలగించుటకు చట్టము చేసింది. 1844లో ఇంగ్లీషు చదివినవారికి ఉద్యోగములలో ముందు చోటు ఇస్తామని గవర్నరు జనరలు హార్డింజి ప్రకటించారు. తరతరములుగా పారసీని నమ్ముకొన్న ఇండ్ల వారు పిల్లల పలకలు మార్చేశారు. తండ్రులకు ఉపయోగకరమైన విదేశీ భాష కుమారులకు పనికి రాకుండా పోయింది. ఒక్క తరము చాలింది.

అట్లు వచ్చిన విద్యార్థులలో అయినాల భూషణము, మంచాల రత్నము అను ఇద్దరు 1852లో బాప్తిస్మము పొందారు. ఊరంతా అట్టుడికింది. తల్లిదండ్రులు పిల్లలను లాగుకొని పోయారు, బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ చలించలేదు. బడి మెల్లగా మరల నిండింది. ఆ ఇద్దరూ తరువాత గురువులై సంఘమునకు స్తంభములయ్యారు. నోబుల్ 1865లో బందరులోనే కన్నుమూశారు. 24 ఏండ్లలో ఒక్కసారి కూడ స్వదేశము వెళ్ళలేదు. ఫాక్సు భార్యను పోగొట్టుకొని, ఆరోగ్యము చెడి, ఇంగ్లండు వెళ్ళి 1848లోనే మరణించారు. చూడగలిగినంతలో తెలుగు బోధకు ఫలము లేదు, ఇంగ్లీషు బడికి ఫలము ఉన్నది. 1852లో ఎవరైనా లెక్క వేసి ఉంటే ఇంగ్లీషే గెలిచిందని వ్రాసి ఉండేవారు.

ఏడేండ్లు గడిచాయి. కృష్ణానది ప్రాంతమందలి రాఘవాపురములో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. ఆయన నిజమైన దేవుని వెదకుచు బెజవాడలోని డార్లింగు దొరగారి వద్దకు వచ్చాడు. ఇంగ్లీషు బడి గుమ్మము ఆయన ఎన్నడూ తొక్కలేదు. ఆనాడు మాలపిల్లవానికి ఆ గుమ్మము దరిదాపులలో చోటు లేదు. డార్లింగు దొర తెలుగు మాటలాడగలవాడు గనుక ఆ ఇద్దరి నడుమ మాట నడిచింది. దుబాసీ అక్కరలేదు. 1859లో వెంకయ్య, ఆయన కుటుంబీకులు బాప్తిస్మము పొందారు. అక్కడినుండి సువార్త పల్లె వెంట పల్లెకు, బంధువు వెంట బంధువునకు పాకింది. దానిని పాకించినవారు మిషనరీలు కారు. వెంకయ్యవంటి వారు తమ వారితో తమ మాటలో చెప్పుకొన్నారు. ఈ సంచిక చదువుతున్న మనలో ఎక్కువమందిమి ఆ పల్లెల వారి మనుమలమే గాని బందరు ఇంగ్లీషు బడి వారసులము కాము. ఈ మాట చెప్పుకొనుటకు మనకు సిగ్గు అక్కరలేదు.

అయినా రెండవ వైపు కూడ చెప్పవలెను. తరువాత మిషను బడులు, హాస్టళ్ళు మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పకపోయినట్లయితే మన ఇండ్లలో ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు ఎక్కడనుండి వచ్చేవారు? మా నాయన ఇంగ్లీషులో దరఖాస్తు వ్రాయగలిగెను గనుక ఊరిలో పెద్ద రైతు ఎదుట ఆయనకు కుర్చీ దొరికింది. ఇది నేను కండ్లార చూచినది. తెలుగు మనలను రక్షణకు తెచ్చింది, ఇంగ్లీషు మనలను ఊరివారి ఎదుట నిలబెట్టింది. పౌలుకు కోట మెట్ల మీద రెండూ కావలసి వచ్చాయి గదా.

ఈ రెంటిని ఒకే జీవితములో చూపినవారు బిషప్ అజరయ్యగారు. వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు తిరునల్వేలి జిల్లావారు, 1874లో పుట్టినవారు. ఇంటి భాష తమిళము. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్వదేశ మిషనరీ సంఘమును స్థాపించి, నైజాము రాజ్యములోని తెలుగువారిని తమ పొలముగా ఎన్నుకొన్నారు. తమ సంఘము పంపిన పనివారి వెంట ఆయన కూడ 1909లో డోర్నకలు వచ్చారు. అప్పటికి 35 ఏండ్లవారు, దేశమంతట పేరున్నవారు. ఇంగ్లీషు అనర్గళముగా మాటలాడేవారు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు మన దేశపు పనివారికి పై అధికారులుగా గాక స్నేహితులుగా ఉండవలెనని ఆయన ఇంగ్లీషులో మొగము మీద చెప్పారు. ఆ సభలో కొందరికి కోపము వచ్చింది, కొందరికి కనువిప్పు కలిగింది. ఇంగ్లీషు రానివాడు ఆ మాటను ఆ చోట చెప్పగలిగేవాడు కాడు.

కాని డోర్నకలులో ఆయన ఎదుట మరియొక చిక్కు. నైజాము రాజ్యమున 1884 వరకు ప్రభుత్వ భాష పారసీ, ఆ తరువాత ఉర్దూ. తాలూకా కచ్చేరీలో గాని, పోలీసు ఠాణాలో గాని పని కావలెనంటే ఉర్దూ కావలెను. తెలుగు పల్లెవాని భాష, దానికి దర్బారులో గౌరవము లేదు. అజరయ్యగారు ఆ తెలుగునే పట్టుకొన్నారు. తమిళునికి తెలుగు సులువే గదా అని ఎవరైనా అనవచ్చును. చుట్టములైన భాషలలోనే మోసము ఎక్కువ. 'అవసరము' అంటే మనకు అక్కర, తమిళునికి తొందర. 'నాకు నీవు అవసరము' అని మనము ఆప్యాయముగా అంటే తమిళుడు తొందర పెట్టుచున్నామనుకొంటాడు. ఇటువంటివి ఎన్నో దాటి ఆయన పల్లె జనుల నడుమ తెలుగులో బోధించారు. ఆయన సతీమణి అన్బు అమ్మగారు పల్లె స్త్రీల నడుమ పని చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు బిషప్‌గా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ అగుట అదే మొదలు. ఉపదేశులకు, గురువులకు తర్ఫీదు తెలుగులో జరిపించారు. తెలుగు కీర్తనలు, భజనలు, మన పండుగల పద్ధతులు ఆరాధనలోనికి రావలెనని పట్టుబట్టారు. 1945 జనవరి 1న డోర్నకలులోనే ప్రభువునందు నిద్రించారు. మన సొంత కీర్తనలను మనము తక్కువగా చూచి ఇంగ్లీషు పాటలకు పరుగెత్తుచున్నప్పుడు, వాటిని నిలబెట్టుటకు శ్రమపడినవారిలో తెలుగు నేర్చుకొన్న ఒక తమిళుడు ఉన్నాడని జ్ఞాపకము తెచ్చుకొనుట మంచిది.

ఇంకొక్కరి సంగతి చెప్పి ముగిస్తాను. నెల్లూరు బాప్తిస్టు సంఘములనుండి జాన్ రంగయ్యగారు 1903లో దక్షిణాఫ్రికాలోని నెటాలు వెళ్ళారు. అక్కడ చెరకు తోటలలో, తేయాకు తోటలలో కూలి ఒప్పందము మీద వెళ్ళిన మనవారు వేలకొలది ఉన్నారు. అక్కడి ప్రభువుల భాష ఇంగ్లీషు, ఆ నేల ప్రజల భాష జులూ. కాని రంగయ్యగారిని అక్కడికి పంపినది తెలుగు కొరకు. సముద్రము దాటి వెళ్ళిన మిషనరీకి అక్కడ మొదట అక్కరకు వచ్చిన భాష తల్లి ఒడిలో నేర్చినదే.

ఆ నర్సింగు అమ్మాయి మొన్న క్రిస్మసు పాటల అభ్యాసమునకు వచ్చినప్పుడు మరల కనబడింది. ఏమి నిర్ణయించుకొన్నావమ్మా అని అడిగాను. జర్మను మొదలుపెట్టిందట, వారమునకు ఐదు రోజులు క్లాసు. ఎందుకు జర్మను అంటే, జీతము సంగతి మొదట చెప్పింది. అది దాచవలసినది కాదు, ఇంటి మీద అప్పు ఉన్నది. తరువాత, అక్కడ ముసలివారి వార్డులలో నర్సులు ఎక్కువగా కావలెనట, రాత్రిపూట వారికి నిద్ర పట్టక మాటలాడించుమంటారట, వారితో ఇంగ్లీషు సాగదట అన్నది. నేను హాలె పట్టణము సంగతి, షుల్జ్ దొరగారి సంగతి చెప్పాను. తెలుగు మొదట అచ్చయినది అక్కడా అని ఆశ్చర్యపడి, ఆ ఊరు తాను వెళ్ళే చోటికి ఎంత దూరమో ఫోనులో వెదికింది. వెదికి, "తాతగారూ, ఆ పుస్తకములు ఇప్పుడు కూడ ఉన్నాయా? చూడనిస్తారా?" అన్నది. వెళ్ళి అడిగి రమ్మన్నాను. జర్మనులో అడగవలెను గదా, అప్పటికి వస్తుందిలే అన్నాను. పాస్టరమ్మగారు ప్రక్కనే ఉండి, ఆ తెలుగు చదువుటకు ముందు మన తెలుగు రావలెనని మరల తన మాటే అన్నారు. ఈసారి అమ్మాయి నవ్వలేదు. సంచిలోనుండి పాటల పుస్తకము తీసి, ఇంగ్లీషు అక్షరములలో వ్రాసుకొన్న తెలుగు కీర్తన మడత పెట్టి లోపల పెట్టుకొన్నది.